బదరీ వృక్షము క్రింద మన యౌవనస్థులు

వాక్యభాగము: 1 రాజులు 19:1–18



ఈ మాసము మనము ధ్యానింపబోవు విషయము ప్రతి ఇంటిలోను ఉన్నదే. కోలారు బంగారు గనుల కొరకు, బొంబాయి మిల్లుల కొరకు, షోలాపూరు మగ్గముల కొరకు, రైల్వే పనుల కొరకు మన తాతలు ముత్తాతలు ఊరు విడిచి వచ్చిరి. వారి మనుమలు, మనుమరాండ్రు ఇప్పుడు ఇల్లు విడువకుండగనే దూరదేశమునకు వెళ్లుచున్నారు. అన్నము ముందర కూర్చుండియు అక్కడ లేరు. ఆరాధనలో కూర్చుండియు అక్కడ లేరు. అర్ధరాత్రి దాటిన తరువాత దుప్పటిలోనుండి సెల్ ఫోను వెలుగు కనబడుచున్నది. “ఏం చెయ్యమంటారు మాస్టారూ, చెప్పి చెప్పి నోరు నొప్పి పుడుతోంది” అని తల్లులు మాతో అనుచున్నారు.

దీనికి సాధారణముగా రెండు జవాబులు వినబడుచున్నవి. ఫోను లాగికొనుడి అనునది ఒకటి. బిడ్డకు భక్తి తగ్గినది, ప్రార్థన చేయించుడి అనునది రెండవది. ప్రార్థన ఎప్పుడును కావలసినదే. అయితే ఫోనులో ఏమున్నదని అడుగుటకు ముందు, ఈ బిడ్డ దేనినుండి పారిపోయి అక్కడికి వెళ్లుచున్నాడని అడుగవలెను. ఆ ప్రశ్న అడుగని వైద్యము పైపూతయే అగును. ఈ సంగతిని ప్రవక్తయైన ఏలీయా జీవితమునుండి నేర్చుకొందము.

సమస్యను సరిగా గుర్తించుదము

ఇంటర్నెట్ వాడుట పాపము కాదు. ఉద్యోగమునకు దరఖాస్తు, కళాశాల పాఠము, ఊరిలోనున్న అమ్మమ్మకు డబ్బు పంపుట, అన్నియు దానిలోనే జరుగుచున్నవి. 2020లో లాక్‌డౌన్ కాలమున అనేక సంఘముల ఆరాధన కూడ ఫోను ద్వారానే సాగినది. కావున ఎన్ని గంటలు చూచుచున్నాడు అనునది ఒక్కటే కొలత కాదు.

1995లో అమెరికాలో ఐవాన్ గోల్డ్‌బర్గ్ అను మానసిక వైద్యుడు ఇంటర్నెట్ వ్యసనము అను రోగమును వేళాకోళమునకు కల్పించి వ్రాసెను. మరుసటి సంవత్సరమే కింబర్లీ యంగ్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు అది వేళాకోళము కాదనియు, నిజముగా బాధపడువారు ఉన్నారనియు చూపెను. ఆమె తయారుచేసిన 20 ప్రశ్నల పరీక్ష నేటికిని వాడుకలో నున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరినుండి అమలులోనికి తెచ్చిన రోగముల పట్టికలో ఆటల వ్యసనమునకు చోటిచ్చినది. ఇంటర్నెట్ వాడకమంతటిని మాత్రము ఒక రోగముగా అందులో చేర్చలేదు. అందుచేత తెలిసినవారు దీనిని సమస్యగా మారిన వాడకమని జాగ్రత్తగా పిలుతురు. మనమును తొందరపడి ఏ బిడ్డకును వ్యసనపరుడని పేరు పెట్టరాదు.

మరి సమస్య అయినదని ఎట్లు తెలియును? మార్క్ గ్రిఫిత్స్ అను బ్రిటిషు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వ్యసనములన్నిటికి ఆరు గుర్తులు చెప్పెను. వాటిని మన మాటలలో చెప్పుకొందము. మనసంతయు దానిమీదనే యుండుట. బాధ కలిగినప్పుడెల్ల మందువలె దానినే ఆశ్రయించుట. నిన్నటి మోతాదు నేడు చాలకపోవుట. అది లేనప్పుడు చిరాకు, గుండెదడ పుట్టుట. దానివలన చదువు, పని, ఇంటివారితో సంబంధము చెడుట. మానుకొన్నను తిరిగి దానిలోనే పడుట. రోజుకు నాలుగు గంటలు చూచువానిలో ఇవి ఏవియు లేకపోవచ్చును. రెండు గంటలు చూచువానిలో అన్నియు ఉండవచ్చును.

ఏలీయా ఎందుకు పారిపోయెను?

కర్మెలు పర్వతముమీద అగ్నిని చూచిన ప్రవక్త మరునాడే అరణ్యమునకు పారిపోయెను. అతడు సోమరి కాడు, భక్తిహీనుడును కాడు. అతని మనసులో ఏమి జరిగినదో వాక్యమే మనకు నాలుగు సంగతులుగా చూపుచున్నది. మన యౌవనస్థుల మనసులోను ఈ నాలుగే పనిచేయుచున్నవి.

మొదటిది, భయము. యెజెబెలు బెదిరింపు వినగానే ఏలీయా ప్రాణము కాపాడుకొనుటకు వెళ్లెను. మన పిల్లల యెజెబెలులు వేరు. ఒక యౌవనుని తలంచుకొనుడి. ఇంజనీరింగు ముగించి రెండేండ్లు అయినది, ఉద్యోగము లేదు. పెండ్లికి వెళ్లిన, పండుగకు వెళ్లిన, ఒకటే ప్రశ్న: “బాబూ, ఎక్కడైనా చేరావా?” ఆ ప్రశ్న వినలేక గదిలోనికి వెళ్లి తలుపు మూయును. ఫోను తెరువగానే ఆ ప్రశ్న మరుగగును. ఆటలో అతడు నలుగురికి నాయకుడు. అక్కడ అతని మాట వినుదురు. తెరువగానే భయము తగ్గినది గనుక, మరల భయము వేసినప్పుడు చెయ్యి తనంతట తానే ఫోనుమీదికి పోవును. సుఖము దొరకుటవలన మాత్రమే కాదు, బాధ తొలగుటవలన కూడ అలవాటు బలపడునని ఉపాధ్యాయ శిక్షణలో మేము చదువుకొంటిమి. అయితే తొలగినది బాధయే గాని దాని కారణము కాదు. చదువని పాఠము అట్లే యున్నది, వ్రాయని దరఖాస్తు అట్లే యున్నది. రేపటికి భయము రెండింతలగును. చెప్పుకొనలేని చిత్రములకు అలవాటుపడిన వారిలో ఇది మరింత క్రూరముగా పనిచేయును. చూచినందుకు సిగ్గు, ఆ సిగ్గును మరచుటకు మరల చూచుట, ఇట్లు గానుగెద్దువలె తిరుగుదురు.

రెండవది, ఒంటరితనము. ఏలీయా బెయేర్షెబాలో తన దాసుని విడిచిపెట్టి తానొక్కడే ఎడారిలోనికి వెళ్లెనని మూడవ, నాలుగవ వచనములలో చూడగలము. తోడును మొదట విడిచెను, తరువాత మరణమును కోరెను. ఎరిక్సన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మనుష్యుని జీవితమును దశలుగా విభజించి, యౌవనదశలో జరుగు పోరాటము సన్నిహితత్వమునకును ఒంటరితనమునకును మధ్య జరుగునని చెప్పెను. మన పిల్లలకు ఈ పోరాటము మరింత కఠినము. ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో, ఆఫీసులో ఇంగ్లీషు. ఇక్కడివారు “మీది ఏ ఊరు?” అని అడుగుదురు. సెలవులకు ఆంధ్రకు వెళ్లిన, అక్కడివారు “నీ తెలుగు వేరుగా ఉందే” అని నవ్వుదురు. నోరు తెరచుటకే జంకు పుట్టును. టైపు చేయుటలో యాస వినబడదు, ముఖము కనబడదు, జవాబు ఆలోచించి వ్రాయవచ్చును. ఎదురెదురుగా మాటలాడుటకంటె ఆన్‌లైన్‌లో మాటలాడుటయే మేలని మనసు స్థిరపడుట ఈ సమస్యకు ఒక ముఖ్య ద్వారమని స్కాట్ కాప్లన్ అను పరిశోధకుడు 2003లో వ్రాసెను. ఒంటరితనము ఫోనులోనికి నెట్టును, ఫోను ఒంటరితనమును పెంచును. ఏది ముందు, ఏది వెనుక అని విడదీయుట కష్టము. రెండును ఒకదానినొకటి మేపుచున్నవి.

మూడవది, పోల్చుకొనుట. తాను తన పితరులకంటె ఎక్కువవాడను కానని ఏలీయా దేవునితో మొరపెట్టెను. చావు కోరిన మనుష్యుడు ఆ ఘడియలో తనను ఇతరులతో కొలుచుకొనుట గమనింపదగినది. మనుష్యుడు తన విలువను తెలిసికొనుటకు ఇతరులతో పోల్చుకొనునని లియోన్ ఫెస్టింగర్ 1954లోనే చెప్పెను. అప్పుడు పోలిక పొరుగింటివానితో. ఇప్పుడు అరచేతిలో వందలమంది. ఒకడు కెనడాలో మంచులో నిలిచిన ఫొటో, ఒకతె క్రొత్త కారు తాళము పట్టుకొన్న ఫొటో. వారి అప్పులు, కన్నీళ్లు ఆ ఫొటోలో పడవు. ఇతరుల పండుగ దినమును తన పనిదినముతో పోల్చుకొని ఈ బిడ్డ కృంగిపోవును. కృంగినను చూచుట మానడు. చూడనియెడల ఏదో తప్పిపోవునని మరియొక భయము.

నాలుగవది, తప్పు తలంపు. నేనొక్కడనే మిగిలితినని ఏలీయా రెండుసార్లు చెప్పెను. అది నిజము కాదు. కాని కృంగిన మనసుకు అది నిజమువలె తోచెను. 2001లో రిచర్డ్ డేవిస్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఈ సమస్యకు వేరు ఇటువంటి తలంపులలోనే యున్నదని వివరించెను. బయట నేను ఎందుకును పనికిరాను, లోపల మాత్రమే నాకు విలువ అని ఒక తలంపు. లోకములో నన్ను ప్రేమించువారు లేరని మరియొక తలంపు. ఈ తలంపులు ఉన్నంతవరకు, చేతిలోనుండి ఫోను తీసినను మనసులోనుండి తీయలేము.

ఉరి పన్నినవారును ఉన్నారు

లోపలి బలహీనత ఒక ప్రక్క. బయట ఉరి మరియొక ప్రక్క. స్కిన్నర్ పావురములమీద చేసిన ప్రయోగములు ఉపాధ్యాయులందరు చదివినవే. మీటను పొడిచిన ప్రతిసారి గింజ పడినయెడల, గింజలు ఆగినవెంటనే పావురము త్వరలోనే పొడుచుట మానును. ఎప్పుడు పడునో తెలియకుండ, ఒకసారి మూడవ పోటుకు, ఒకసారి ముప్పదియవ పోటుకు గింజ పడినయెడల, అది విడువక పొడుచుచునే యుండును. జూదము ఈ సూత్రముమీదనే నిలిచినది. రీల్స్ కూడ అంతే. పది చప్పనివి వచ్చిన తరువాత పదకొండవది నవ్వించును. తరువాతిది బాగుండునేమో అని వ్రేలు జరుపుచునే యుండును. పుస్తకమునకు ఆఖరి పుట యున్నది, సినిమాకు శుభము కార్డు యున్నది. దీనికి అంతము లేదు. అంతములేకుండ జారుచుండు ఆ పద్ధతిని 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్, తరువాత దానిని గూర్చి బహిరంగముగా విచారము వెలిబుచ్చెను. కావున “నీకు మనసులో గట్టితనము లేదు” అని బిడ్డను నిందించుటకు ముందు, గట్టితనమును కరగించుటకే జీతము తీసికొను నిపుణులు అవతల కూర్చుండిరని తలిదండ్రులు గ్రహింపవలెను.

డబ్బుపెట్టి ఆడు ఆటలైతే మరియు ఘోరము. 2025 ఆగస్టులో మన పార్లమెంటు అట్టి ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు చట్టము చేసెను. చట్టము వచ్చినంతమాత్రమున పాత అప్పులు తీరవు. రుణము ఇచ్చు యాప్‌లవద్ద అప్పుచేసి ఇంటిలో చెప్పలేక నలుగు పిల్లలు మన సంఘములలోను ఉండవచ్చును. వారు చెప్పుకొనుటకు ఒక చెవి కావలెను.

దేవుడు ఏమి చేసెను?

ప్రియులారా, పారిపోయిన ప్రవక్తను దేవుడు గద్దింపలేదు. వరుసగా ఏమి చేసెనో చూడుడి.

ముందుగా నిద్రపోనిచ్చెను. దూతను పంపి, నిప్పులమీద కాల్చిన అప్పమును, నీళ్లను పెట్టించెను. మరల నిద్రపోనిచ్చెను, మరల తినిపించెను. ఉపదేశము తరువాత వచ్చెను. రాత్రి రెండుగంటలవరకు మేలుకొనువానికి మరునాడు తన్ను తాను అదుపుచేసికొను బలముండదు. కావున మార్పు పడకగదిలో మొదలుకావలెను. రాత్రి పదిగంటలకు ఇంటిలోని ఫోనులన్నియు, తలిదండ్రులవి కూడ, ముందుగదిలో ఒకచోట చార్జింగు పెట్టుడి. నాన్నగారు సీరియలు చూచుచు కొడుకును చదువుకొమ్మనిన, ఆ మాటకు బరువుండదు. రోజుకు ఒక్కపూటయైనను కుటుంబమంతయు కలిసి భోజనము చేయుడి.

తరువాత అడిగెను. నీవిక్కడ ఏమి చేయుచున్నావని దేవుడు రెండుసార్లు అడిగి, రెండుసార్లును ఏలీయా చెప్పినదంతయు వినెను. గాలిలోను, భూకంపములోను, అగ్నిలోను ప్రభువు లేడు. అవి పోయిన తరువాత మిక్కిలి నెమ్మదియైన స్వరము వినబడెను. కొన్ని ఇండ్లలో గాలి, భూకంపము, అగ్ని, ఈ మూడే యున్నవి. ఫోను గోడకు కొట్టినందున బిడ్డ మారడు, దాచుట మాత్రమే నేర్చుకొనును. “ఆ ఆటలో నీకు ఏం బాగుంటుంది? ఎప్పుడు ఎక్కువగా చూడాలనిపిస్తుంది?” అని నెమ్మదిగా అడిగి, జవాబు వచ్చువరకు ఊరకుండుడి. ఆ జవాబులో మనము వెదకు కారణము దొరకును.

పిమ్మట తప్పు లెక్కను సరిచేసెను. నీవొక్కడవు కావు, బయలుకు మోకాలూనని ఏడువేలమంది యున్నారని తెలిపెను. ఆ తరువాత పని ఇచ్చెను, తోడును ఇచ్చెను. పన్నెండు అరకల యెడ్లతో దున్నుచున్న ఎలీషా అతనికి దొరికెను. గుహలోనుండి ఏలీయాను బయటికి తెచ్చినది ఖాళీ చేతులు కాదు, క్రొత్త పనియు క్రొత్త స్నేహితుడును.

ఈ చివరి సంగతి ఎంతో ముఖ్యము. మత్తయి 12వ అధ్యాయములో ప్రభువు ఒక యింటిని గూర్చి చెప్పెను. అపవిత్రాత్మ వెళ్లిపోయినది, ఇల్లు ఊడ్చి అమర్చియున్నది, కాని దానిలో ఎవరును నివసించుటలేదు. అందుచేత వెళ్లినది మరి ఏడింటిని వెంటబెట్టుకొని తిరిగివచ్చెను. ఫోను తీసివేసి ఆ గంటలను ఖాళీగా విడిచినయెడల ఇదే జరుగును.

సంఘమునకు ఒక మాట

ఆ ఖాళీని నింపుటలో మన సంఘములకు పాలున్నది. మన పిల్లలలో అనేకులకు తెలుగు మాటలాడుట వచ్చును, చదువుట రాదు. పాటల పుస్తకము చేతికిచ్చినయెడల తలవంచి కూర్చుందురు, క్రమముగా చివరి బల్లకు, తరువాత వాకిటికి జరుగుదురు. వారికి తెలుగు అక్షరములు నేర్పు ఒక పెద్దను నియమించుడి. ఆ పెద్దకు ఫోనులో బ్యాంకు పని చేసికొనుట వారు నేర్పుదురు. ఇద్దరికిని తోడు దొరకును. మైకు పట్టుకొనుటకు, కుర్చీలు వేయుటకు మాత్రమే యౌవనులను పిలువక, లెక్కలు చూచుటలోను, రోగులను దర్శించుటలోను బాధ్యత అప్పగించుడి.

2001లో గనులు మూతపడినప్పటినుండి కె.జి.ఎఫ్. పిల్లలు అనేకులు తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు పనికి వెళ్లి రాత్రికి తిరిగివచ్చుచున్నారు. ఆ ప్రయాణములో ఫోను తప్ప వారికి తోడెవరు? పూణె, చెన్నై నగరములలో హాస్టలు గదులలో నున్న మన పిల్లలను ఆదివారము ఆరాధన తరువాత ఒక్కొక్క కుటుంబము భోజనమునకు పిలుచుకొనుట గొప్ప సేవ. పప్పు, ఆవకాయ చాలును. ప్రసంగము అవసరము లేదు.

యౌవనులారా, మీకును ఒక మాట

ఒక వారము చిన్న పుస్తకము దగ్గర పెట్టుకొనుడి. చెయ్యి ఫోనుమీదికి పోయిన ప్రతిసారి, దానికి ముందు మనసులో ఏమున్నదో ఒక్క మాట వ్రాయుడి. విసుగా, భయమా, ఒంటరితనమా, కోపమా? వారాంతమున చూచినయెడల మీ శత్రువు పేరు మీకే తెలియును. ఊరక మ్రోగు గంటలన్నియు ఆపివేయుడి. లేవగానే ఫోను చూచు అలవాటున్నయెడల, ముందు ముఖము కడుగుకొని, ప్రార్థించి, కాఫీ త్రాగి అప్పుడు చూడుడి. అలవాటుకు ఎదురుగా నడువుమని కింబర్లీ యంగ్ కూడ సలహా ఇచ్చెను. మీరు నమ్మిన ఒక్క మనుష్యునితో దాచకుండ చెప్పుడి. మరల పడినయెడల అంతయు పోయినదనుకొనవద్దు. ఏలీయాకు దూత రెండవసారి కూడ వచ్చెను.

ఇల్లు, సంఘము చాలనప్పుడు వైద్యుని యొద్దకు వెళ్లుట అవిశ్వాసము కాదు. తరచుగా కృంగుదల, విపరీతమైన జంకు, మనసు నిలువకపోవుట మొదలగు బాధలు ఈ అలవాటు వెనుక దాగియుండును. వాటికి చికిత్స యున్నది. బెంగుళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రి 2014లో ఈ సమస్యకే ఒక ప్రత్యేక విభాగము ప్రారంభించెను. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరున ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగులోను మాటలాడుదురు. బిడ్డ నోట చావు మాట వచ్చినయెడల దానిని బెదిరింపు అని త్రోసివేయకుడి. ఏలీయా కూడ ఆ మాట అనెను. దేవుడు దానిని తేలికగా తీసికొనలేదు, ఒంటరిగా విడిచిపెట్టలేదు. ఆ రాత్రియే ఫోను చేయుడి, ప్రక్కన కూర్చుండుడి.

ప్రియులారా, బదరీ వృక్షము నీడ మంచిదే. ఎండలో నడచినవానికి కొంతసేపు అది కావలెను. అయితే అక్కడే ఇల్లు కట్టుకొనుటకు దేవుడు ఎవరిని పిలువలేదు. మన బిడ్డలను అక్కడినుండి లేపుటకు అప్పము, నీళ్లు పట్టుకొని వెళ్లువారు కావలెను. ఈ వారము మీ యింటిలోనో, మీ సంఘపు చివరి బల్లమీదనో కూర్చున్న ఒక్క యౌవనస్థుని పేరు పెట్టి పలుకరించుడి, ప్రక్కన కూర్చుండి వినుడి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, అలసిన మా పిల్లలను నీవు చూచుచున్నావు. వారికి నిద్రను, ఆహారమును, తోడును దయచేయుము. వారు చెప్పునది వినుటకు మా చెవులు తెరువుము. వారికి నీవు నియమించిన పనిని చూపి, ఆ మార్గమున నడిపించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.